స్ప్రే కొట్టే ముందు సుత్తితో కొట్టి చూడండి

కాంక్రీటు రిపేరులో వీడియో తీయదగ్గ భాగం ఒకటే ఉంటుంది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి లావుపాటి పైపు పట్టుకుని నిలబడతాడు, కంప్రెసర్ చెవులు పగిలేలా మోగుతుంది, నాజిల్ నుంచి బూడిదరంగు జల్లు దూసుకెళ్లి గోడకి అతుక్కుపోతుంది. కాసేపట్లో పాత గోడ కొత్త గోడ అయిపోతుంది. ఇలాంటి రీల్స్ నేను అర్ధరాత్రి దాకా చూశాను, మీలో కొందరు కూడా చూసే ఉంటారు. దీన్ని మన సైట్లలో గునైటింగ్ అంటారు, పుస్తకాల్లో షాట్‌క్రీట్ అంటారు.

నా కంప్లైంట్ ఆ వీడియో మీదే. అందులో కనిపించేది పనిలో చివరి భాగం. దానికి ముందు అదే గోడని రోజుల తరబడి కొట్టి చూడాలి, చెక్కాలి, కడగాలి, తడపాలి. రిపేరు ఏళ్ల తరబడి నిలుస్తుందా, రెండు వానాకాలాలకే పెచ్చులుగా ఊడుతుందా అనేది చాలావరకు అక్కడే తేలిపోతుంది. మనం డబ్బులిచ్చేది మాత్రం స్ప్రేకి. గోడని సిద్ధం చేసే పనికి కొటేషన్‌లో విడిగా రేటు ఉండాలనీ, దాన్ని విడిగా కొలవాలనీ, అది ఎవరో ఒకరు కళ్లతో చూసి సంతకం పెట్టేదాకా స్ప్రే మిషన్ స్టార్ట్ చేయనివ్వకూడదనీ నా వాదన.

సీఎస్ఈ వాడికి ఇదంతా ఎందుకని సివిల్ ఫ్రెండ్స్ అడగొచ్చు. (మా బ్యాచ్‌లో సీఎస్ఈకి ఎన్ని సెక్షన్లో మాకే సరిగ్గా తెలీదు, సివిల్‌కి ఒక్కటే సెక్షన్. కాబట్టి అడిగినా పెద్దగా వినపడదులెండి.) నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి మా పెద్దమావయ్య. ఇరవై ఏళ్లుగా రిపేరు కాంట్రాక్టుల్లో సైట్ సూపర్‌వైజర్. ఈ వ్యాసంలో మంచి తెలుగు మాటలు ఏవైనా కనిపిస్తే అవి ఆయనవి. రెండోది సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో మా పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఈ స్ప్రే ఎక్కడ పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే కథ బాగుంటుంది. దీన్ని కనిపెట్టింది సివిల్ ఇంజినీరు కాదు. కార్ల్ ఏక్లీ అనే అమెరికన్. చచ్చిపోయిన జంతువుల చర్మాలతో అచ్చం బతికున్నట్టే కనిపించే బొమ్మలు తయారుచేసి మ్యూజియంలలో పెట్టడం ఆయన వృత్తి. చికాగోలో ఆయన పనిచేసే ఫీల్డ్ మ్యూజియం అప్పట్లో 1893 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన పాత భవనంలో ఉండేది. దాని బయటి పూత ఊడిపోతోంది. దాన్ని బాగుచేయడానికి 1907లో ఏక్లీ ఒక మిషన్ తయారుచేశాడు. పొడి సిమెంటు, ఇసుక కలిపి గాలి ఒత్తిడితో గొట్టంలోకి తోస్తే, చివర నాజిల్ దగ్గర నీళ్లు కలిసి గోడకి కొట్టుకుంటుంది. 1911లో పేటెంట్ వచ్చింది. అంటే ఈ టెక్నాలజీ పుట్టిందే రిపేరు కోసం. సొరంగాలు, స్విమ్మింగ్ పూల్సు అన్నీ తర్వాత వచ్చాయి.

ఇప్పుడు తడి పద్ధతి కూడా ఉంది. ముందే కలిపేసిన కాంక్రీటుని పంపుతో పంపి, నాజిల్ దగ్గర గాలి కలుపుతారు. రెండిటిలోనూ పట్టు వచ్చేది వేగం వల్ల. మాలు గోడకి గట్టిగా గుద్దుకుని, తనంతట తానే దట్టంగా కూరుకుంటుంది. సెంట్రింగ్ అక్కర్లేదు, తలకిందులుగా శ్లాబు అడుగున కూడా కొట్టొచ్చు. చాలా మంచి పద్ధతి. దాని మీద నాకు ఏ కోపమూ లేదు.

చిక్కంతా అవతల ఉన్న గోడది.

కాంక్రీటు లోపల ఇనుప చువ్వలు ఎందుకు తుప్పు పట్టవో ఎప్పుడైనా ఆలోచించారా? కొత్త కాంక్రీటు పీహెచ్ 12.5 పైనే ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద ఒక పల్చటి రక్షణ పొర ఏర్పడుతుంది. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి వెళ్లి ఆ క్షారాన్ని తినేస్తుంది. సముద్రం దగ్గరైతే ఉప్పు లోపలికి చేరి, క్షారం ఉన్నా సరే ఆ పొరని తూట్లు పొడుస్తుంది. అప్పుడు తుప్పు మొదలవుతుంది. తుప్పుకి అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు కోసం అది కాంక్రీటుని లోపల్నుంచి బయటికి నెడుతుంది. ముందు చువ్వ వెంబడి సన్నటి గీత, తర్వాత ఉబ్బు, తర్వాత పెచ్చు. ఈ పెచ్చు అనే మాట నాకు చాలా నచ్చింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు 'స్పాలింగ్' అనే మాట గూగుల్ చేస్తేనే తెలిసింది, పెచ్చులూడటం మాత్రం మా అమ్మమ్మకి కూడా తెలుసు.

మన కంటికి కనిపించేది ఊడిపోయిన పెచ్చు ఒక్కటే. దాని చుట్టూ ఇంకా ఊడని, లోపల మాత్రం విడిపోయిన కాంక్రీటు ఉంటుంది. పైకి బాగానే ఉంటుంది, సున్నం కూడా చెదరదు. దాన్ని పట్టుకోవడానికి కొట్టి చూడాలి. కుండ కొనేటప్పుడు వేళ్లతో కొట్టి వింటారు చూడండి, అదే పద్ధతి. మంచి కాంక్రీటు మీద సుత్తి వేస్తే కంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. పెద్ద ఫ్లోర్ల మీదైతే గొలుసు ఈడ్చుకుంటూ వెళ్లి చప్పుడు వింటారు. ఇలా మొత్తం వెతికి, డొల్లగా ఉన్న చోటల్లా సుద్దతోనో పెయింటుతోనో గీత గీస్తారు. మావయ్య చెప్పేదేంటంటే, పైకి ఒక చెయ్యంత కనిపించే పెచ్చు, కొట్టి చూసేసరికి తలుపంత అవ్వడం మామూలేనట. "కన్ను అబద్ధం చెబుతుందిరా అల్లుడూ, చెవి చెప్పదు" అంటాడు.

పీహెచ్ కూడా చూడొచ్చు. కొత్తగా పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ కొడితే క్షారం ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకి తిరుగుతుంది, క్షారం పోయిన భాగం రంగు మారదు. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్‌కి వాడిన అదే సీసా. మార్కుల కోసం తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న ఒక సీసా, ఒక బిల్డింగ్ వయసు చెప్పగలదని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

తర్వాత చెక్కడం. ఇక్కడ నాకు ఆశ్చర్యంగా అనిపించిన సంగతి ఒకటుంది. గట్టిగా చెక్కితే మంచిదే కదా అనుకుంటాం. కాదు. బరువైన బ్రేకర్‌తో బాదితే చెడ్డ కాంక్రీటు ఊడుతుంది కానీ, దాని వెనకున్న మంచి కాంక్రీటులో కంటికి కనిపించని సన్న చీలికలు వస్తాయి. పైన ఎంత మంచి స్ప్రే కొట్టినా అది ఈ చితికిన పొర మీదే కూర్చుంటుంది. రేపు ఊడినప్పుడు స్ప్రే వెనకాల ఆ పల్చటి పాత పొరని కూడా పట్టుకుని ఊడుతుంది. అందుకే చిన్న బ్రేకర్లు వాడమంటారు, 7 కేజీల తరగతివి. ఆ తర్వాత కూడా సాండ్ బ్లాస్టింగ్‌తోనో, ఎక్కువ ఒత్తిడి నీళ్లతోనో ఆ చితికిన పొరని తీసేయాలి. వెయ్యి బార్ పైన ఒత్తిడితో నీళ్లు కొట్టి కాంక్రీటుని తొలిచే పద్ధతి కూడా ఉంది. దాంట్లో దెబ్బ ఉండదు. నీళ్లు బలహీనమైన చోట్లలోకి దూరి లోపల్నుంచి విడగొడతాయి, మంచి కాంక్రీటు అలాగే గరుగ్గా మిగిలిపోతుంది. ఖరీదెక్కువ, వాడిన నీళ్లని పట్టి వదలడం ఒక తలనొప్పి. అపార్ట్‌మెంటుకి ఇది అయ్యే పని కాదు, వంతెనలకి సరిపోతుంది.

ఎంత లోతు చెక్కాలి? తుప్పు పట్టిన చువ్వ కనిపిస్తే దాని వెనక్కి కూడా వెళ్లాలి, కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ రావాలి. చువ్వ వెనకాల వేలు దూరాలి అనేది మావయ్య లెక్క. ముందువైపు తుప్పు గోకేసి, వెనకవైపు తుప్పుని పాత కాంక్రీటులోనే వదిలేస్తే ఏం లాభం? పైగా చువ్వ సగం పాత ఉప్పు కాంక్రీటులో, సగం కొత్త క్షారంలో ఉంటే అదొక చిన్న బ్యాటరీలాగా పనిచేస్తుంది. ఇదే గొడవ ప్యాచ్ చుట్టూ కూడా వస్తుంది. పక్కనున్న పాత కాంక్రీటులో ఉప్పు ఉండిపోతే, కొత్త ప్యాచ్ అంచు అవతల తుప్పు ఇంకా వేగంగా మొదలవుతుంది. కాబట్టి కంటికి కనిపించే చెడ్డ భాగం దాటి చెక్కాలి. చువ్వ బాగా సన్నబడిపోతే పక్కన కొత్త చువ్వ జత చేయాలి, అది ఎప్పుడనేది స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి, మేస్త్రి కాదు.

అంచుల సంగతి కూడా ఉంది. దోసె అంచులా పల్చగా ముగిస్తే ఆ అంచు ముందు ఎండి, ముందు లేస్తుంది. అలాగని బావిలాగా నిటారుగా, లోతుగా తవ్వితే మూలల్లో ఇంకో సమస్య. స్ప్రే కొట్టేటప్పుడు కొంత ఇసుక, కంకర గోడకి తగిలి వెనక్కి ఎగిరిపడుతుంది. నిటారు మూల ఉంటే ఆ ఎగిరిపడిన సరుకు అక్కడే ఇరుక్కుంటుంది, దాని మీద మంచి మాలు కప్పేస్తుంది. లోపల గుల్ల. అందుకని పైన అంచు చుట్టూ కట్టర్‌తో చిన్న గాటు పెట్టి (చువ్వ తెగకుండా), అక్కడి నుంచి లోపలికి ఏటవాలుగా దింపుతారు.

అంతా అయ్యాక దుమ్ము. చెక్కిన రోజే స్ప్రే కొట్టరు కదా, ఈలోగా దుమ్ము మళ్లీ కూర్చుంటుంది, మెరిపించిన చువ్వ మీద కొత్త తుప్పు పడుతుంది. పక్క ప్యాచ్‌కి స్ప్రే కొడితే ఆ జల్లు ఎగిరి దీని మీద పొడిపొడిగా పడుతుంది. కొట్టే ముందు మళ్లీ శుభ్రం చేయాల్సిందే.

నీళ్ల విషయంలో ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. పాత కాంక్రీటు పొడిగా ఉంటే కొత్త మాలులో నీటిని పీల్చేసి, అంచున ఉన్న సిమెంటుని గట్టిపడనివ్వదు. అలాగని స్ప్రేకి ఒక్క నిమిషం ముందు బకెట్టుతో నీళ్లు కొడితే పైన నీటి పొర నిలబడి అసలు అతుక్కోదు. ముందురోజు నుంచే తడుపుతూ ఉండాలి, కొట్టే సమయానికి లోపల తడి, పైన మెరుపు లేకుండా ఉండాలి. చేత్తో తాకితే చల్లగా ఉండాలి, చెయ్యి తడవకూడదు.

ఇంకొకటి, సిమెంటు పాలు. ప్లాస్టరింగు ముందు సిమెంటు పాలు కొట్టడం మేస్త్రులకి అలవాటు. స్ప్రేకి అది అక్కర్లేదు. మొదట గోడకి తగిలిన కంకర ఎగిరిపడి, సిమెంటు ముద్ద మాత్రం అతుక్కుని, దానంతట అదే ఒక జిగురు పొరని తయారుచేసుకుంటుంది. మనం ముందే పాలు కొట్టి, అది ఎండాక స్ప్రే కొడితే, అతికించేది పోయి విడగొట్టేది అవుతుంది.

ఇప్పుడు పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్.

కింద కార్ పార్కింగు, పైన నాలుగు అంతస్తులు. పార్కింగు శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు కనిపించడం మొదలైంది. అసోసియేషన్ వాళ్లు మూడు కొటేషన్లు తీసుకుని తక్కువ దానికి ఇచ్చారు. ఒక్కో ఫ్లాటుకి పడ్డ వాటా పిన్ని నెల జీతం కంటే ఎక్కువే. మావయ్య అప్పుడు ఒడిశాలో ఏదో పోర్టు పనిలో ఉన్నాడు, ఆయన్ని ఎవరూ అడగలేదు. పని నాలుగు రోజుల్లో అయిపోయింది. అందరూ కింద నిలబడి ఫోన్లతో వీడియోలు తీసుకున్నారు, పిన్ని నాకూ పంపింది. చూడటానికి సూపర్‌గా ఉంది.

రెండో వానాకాలంలో ఒక మధ్యాహ్నం శ్లాబు అడుగు నుంచి ఒక పలక ఊడి కింద ఉన్న స్కూటీ మీద పడింది. ఎగ్జామ్ ప్యాడ్ కంటే కొంచెం పెద్దది. సాయంత్రమైతే సరిగ్గా అక్కడే పిల్లలు షటిల్ ఆడతారు. అందులో మా చెల్లి కూడా ఉంటుంది, దానికి తొమ్మిదేళ్లు.

పిన్ని ఆ పలకని ఫోటో తీసి ఇద్దరికీ పంపింది. నేను ముందువైపు చూశాను. మావయ్య మాత్రం "దాన్ని తిరగేసి ఫోటో తియ్యమ్మా" అన్నాడు. తిరగేస్తే వెనకవైపు నున్నగా ఉంది, మీద లేత నీలం రంగు. పార్కింగుకి ఎప్పుడో కొట్టిన పాత పెయింటు. స్ప్రే కాంక్రీటుకి అతకలేదు, పెయింటుకి అతికింది. పెయింటు కాంక్రీటుని వదిలేసింది. అంటే ఆ చోట ఎవరూ ఉలి కూడా ఆనించలేదు. పెచ్చులూడిన చోట ఏం చేశారో గానీ, మిగిలిన చోట పెయింటు మీదే కొట్టేశారు. పైన పటారం లోన లొటారం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఆ కాంట్రాక్టరు దొంగ అని తేల్చేసి వ్యాసం ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ పిన్ని దగ్గర ఆ పాత కొటేషన్ ఉంటే అడిగి చదివాను. దొంగతనం ఆ కాగితంలోనే ఉంది, అదీ ఎవరూ చేయాలని చేసింది కాదు. ఒకటే లైను: ఉపరితలం శుభ్రం చేయడంతో సహా 50 మిల్లీమీటర్ల మందం గునైటింగ్, చదరపు అడుగుకి ఇంత. అంతే. గూగుల్ చేస్తే దొరికిన కొన్ని టెండర్లలో కూడా ఇదే వరస. చెక్కడం, కడగడం, తడపడం అన్నీ ఆ "సహా"లో.

దీన్ని కాంట్రాక్టరు వైపు నుంచి చూడండి. ఆయనకి డబ్బులు వచ్చేది పైన ఎన్ని అడుగులు కొట్టాడనే దానికి. ఒక సెంటీమీటరు ఎక్కువ లోతు చెక్కితే ముందు కూలీ పెరుగుతుంది, తర్వాత ఆ గుంత నింపడానికి మాలు పెరుగుతుంది, చెత్త మోసే ఆటో ఖర్చు పెరుగుతుంది. బిల్లు మాత్రం పైసా పెరగదు. నిజాయితీగా చెక్కిన ప్రతి సెంటీమీటరూ జేబులోంచి పెట్టుకోవాల్సిందే. మూడు కొటేషన్లలో తక్కువది ఎవరిదవుతుంది? తక్కువ చెక్కాలని ముందే నిర్ణయించుకున్నవాడిది. మనం లోయెస్ట్ అడిగి, వాడినే ఏరి తెచ్చుకుంటున్నాం. మా బ్రాంచి వాళ్లకి ఇది కొత్త కాదు. టెస్ట్ కేసులు పాసైతేనే మార్కులని చెబితే టెస్ట్ కేసులకి మాత్రమే కోడ్ రాస్తాం. ఇక్కడ టెస్ట్ కేసు 'పైకి బూడిదరంగుగా కనిపించడం'.

పైగా ఈ పని దాచేస్తే దొరకదు. స్ప్రే పడ్డాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి. చూడగలిగే సమయం ఒక్కటే, చెక్కడం అయ్యాక, స్ప్రేకి ముందు. సరిగ్గా ఆ రోజు అసోసియేషన్ నుంచి ఎవరూ కిందికి దిగరు, ఎందుకంటే దుమ్ము. స్ప్రే రోజు అందరూ దిగుతారు.

విడిగా రేటు పెడితే కాంట్రాక్టరు ఎక్కువ చెక్కి ఎక్కువ బిల్లు వేస్తాడు కదా అని మా నాన్న అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఎక్కువ చెక్కడం డబ్బు సమస్య మాత్రమే కాదు, ప్రమాదం కూడా. బరువు మోస్తున్న స్తంభాన్నో దూలాన్నో జాకీలు పెట్టకుండా చువ్వల వెనక్కి చెక్కేస్తే బిల్డింగే కిందికి రావచ్చు. అందుకే ముందు సుత్తితో కొట్టి గీతలు గీసేటప్పుడు ఇద్దరూ ఉండాలి, ఇచ్చేవాడూ తీసుకునేవాడూ. గీతలు గీశాక ఫోటోలు, కొలతలు, సంతకాలు. గీత దాటి చెక్కాల్సి వస్తే మళ్లీ చూసి రాసుకోవాలి. ఎక్కడ జాకీలు పెట్టాలో ఇంజినీరు కాగితం మీద రాసివ్వాలి. మొత్తం ఎంతవుతుందో ముందే కచ్చితంగా చెప్పలేరు, నిజమే. లోపల ఎంత చెడిందో తెరిస్తేనే తెలుస్తుంది. కాబట్టి అంచనా ఒకటి పెట్టుకుని, రేటు ఖాయం చేసి, కొలిచిన దానికి ఇవ్వాలి. ఖర్చు పెరగొచ్చని ముందే ఒప్పుకోవడం కష్టమే. రెండేళ్లకోసారి చేయించుకోవడం ఇంకా కష్టం కదా.

మన దేశంలో షాట్‌క్రీట్‌కి ఐఎస్ 9012 అనే ప్రమాణం ఉంది. స్ప్రేకి ముందు ఉపరితలం ఎలా ఉండాలో అందులో రాసే ఉంది. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. రాసి ఉన్నదానికి రేటు రాయమంటున్నాను, అంతే.

ఇంకో విషయం మావయ్య అడక్కుండానే చెప్పాడు. నాజిల్ పట్టుకునే మనిషికి పేరుంటుంది, కూలీ కూడా ఎక్కువ. ఆ నైపుణ్యానికి అది ఇవ్వాల్సిందే. చెక్కేవాళ్లు మాత్రం ఎవరంటే వాళ్లు. రోజుకి ఇద్దరు కొత్తవాళ్లు వస్తారు, ఇద్దరు మానేస్తారు. తల పైకెత్తి రోజంతా శ్లాబు అడుగున బ్రేకర్ పట్టుకోవడం ఎలా ఉంటుందో మీరు పది నిమిషాలు చేతులు పైకెత్తి చూడండి, అదీ ఏమీ పట్టుకోకుండా. ఆ దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదు అది. తడిపి చెక్కాలి, సరైన మాస్కు కావాలి, చెవులకి కూడా ఏదైనా కావాలి. వీటన్నిటికీ డబ్బు ఎక్కడినుంచి రావాలి? మళ్లీ ఆ "సహా"లోంచే. రేటే లేని పనికి మాస్కు ఎవరు కొంటారు? మావయ్యకి యాభై దాటలేదు. రెండు అంతస్తులు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకుంటాడు. టెస్టు చేయించుకోమంటే "సీజన్ అయ్యాక" అంటాడు. ఆ సీజన్ ఎప్పుడు అవుతుందో నాకు అర్థం కాదు.

పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్‌కి ఇప్పుడు మళ్లీ రిపేరు. కొత్త కొటేషన్ వచ్చింది, మళ్లీ అదే ఒక్క లైను. నేనూ మావయ్యా కలిసి అసోసియేషన్‌కి ఒక లెటర్ రాశాం. తెలుగులోనే రాశాం, చదివేవాళ్లకి అర్థం కావాలి కదా. నాలుగు అడిగాం. మొత్తం శ్లాబు సుత్తితో కొట్టి గీతలు గీసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. చెక్కడానికి, శుభ్రం చేయడానికి విడిగా రేటు, అందులోనే మాస్కులు. స్ప్రేకి ముందు ఒక రోజు ఆగాలి, ఆ రోజు ఫ్లాటుకి ఒకరైనా కిందికి దిగి చూడాలి. ఆఖరున పుల్ ఆఫ్ టెస్ట్. కొత్త పొర గుండా పాత కాంక్రీటులోకి గుండ్రంగా గాటు పెట్టి, పైన 50 మిల్లీమీటర్ల ఇనుప బిళ్ల అతికించి, ఊడేదాకా లాగుతారు. మామూలుగా అడిగే పట్టు చదరపు మిల్లీమీటరుకి 1 న్యూటన్, అంటే ఆ చిన్న బిళ్ల దాదాపు 200 కేజీల లాగుడికి తట్టుకోవాలి. ఎంతకి ఊడిందనే దానితోపాటు ఎక్కడ ఊడిందో కూడా చూస్తారు. పాత కాంక్రీటే విరిగి వస్తే కొత్తది బాగా అతికినట్టు. మధ్యలో అతుకు దగ్గర వదిలేస్తే సిద్ధం చేయడంలో తేడా ఉన్నట్టు.

మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదానికి ఆదివారమైతే దిగుతాం అన్నారు. నాలుగోది ప్రెసిడెంట్ గారికి అస్సలు నచ్చలేదు. కొత్తగా చేయించిన దానికి మనమే కన్నాలు పెడతామా బాబూ అని అడిగారు. మూడు చోట్ల చాలండీ, తర్వాత పూడ్చేయొచ్చు అని చెప్పాను. ఆలోచిస్తాం అన్నారు. ఈలోగా పార్కింగులో ఆ మూల తాడు కట్టారు, షటిల్ నెట్ మాత్రం ఇంకో మూలకి మారింది. ఆ మూల ఇంకా ఎవరూ సుత్తితో కొట్టి చూడలేదు.